నీళ్ల ట్యాంకు కింద ప్రార్థన

ఆ ఆదివారం ధరణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు అందరితో పాటు చాప మీద కూర్చోవాలి. పదకొండు కాగానే పక్కనున్న మనిషి చేయి పట్టుకుని కలపాలి. అంతటితో ప్రార్థన ముగిసినట్టు. మధ్యలో నోరు తెరవాల్సిన అవసరం లేదు. పదహారేళ్ల ధరణికి నోరు తెరవాల్సిన అవసరం లేని పనులన్నీ ఇష్టమే.

అయినా పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె పెరట్లో దూడ ముందు కూర్చుని, దాని ముందుకాలు పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపుతోంది. పళ్లు తోముకుంటున్న ఆమె తండ్రి మునస్వామి నోట్లోంచి వేపపుల్ల తీశాడు.

"ఏం పాపా, దూడ కుంటతా ఉండాదా?"

"లేదు నాయనా. ఈ పొద్దు ప్రార్థన నేనే ముగించాల. చెయ్యి కలిపేది నేర్చుకుంటా ఉండా."

"దూడ దగ్గరా?"

"మనుషుల దగ్గర సిగ్గు నాయనా."

మునస్వామి తన చేతిగడియారం విప్పి కూతురికిచ్చాడు. గొలుసు వదులై అది మోచేతి దాకా జారింది. "గమ్మున కూసోనేదానికి గూడా ఇంత తయారు గావాలని నాకు తెలీదబ్బా," అని మళ్లీ వేపపుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

కార్వేటినగరం నుంచి పుత్తూరు వెళ్లే రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు రాళ్లకాలువ. ఆ ఊరి బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన రాజారత్నం మాస్టారు, వయసులో ఉన్నప్పుడు ఒక తుఫాను సహాయ శిబిరానికి వెళ్లి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లతో కలిసి ఆరు నెలలు ఇళ్లు కట్టారు. ఇళ్లు కట్టడంతో పాటు వాళ్ల ప్రార్థన కూడా నేర్చుకుని తిరిగొచ్చారు. అందులో పాటల్లేవు, పూజారి లేడు, పాదిరి లేడు. అందరూ గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి ఒక మాట తోస్తే లేచి నిలబడి చెప్పి కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబు చెప్పరు. మాస్టారి ముందుగదిలో ఇలా కూర్చునే వాళ్లు మొత్తం తొమ్మిది మంది. సభ్యుల పుస్తకంలో వాళ్ల పేరు మిత్రుల సమాజం. ఊళ్లో మాత్రం గమ్మునుండే సంఘం.

ధరణి రెండేళ్లుగా అక్కడికి వెళ్తోంది. బడిలో, పెళ్లిళ్లలో, బస్సులో, అన్ని చోట్లా "మాట్లాడవేం మ్మే?" అని గిల్లే మనుషులే. మాట్లాడమని ఎవరూ అడగని చోటు ఆమెకు భూమ్మీద అదొక్కటే దొరికింది. మొదట్లో దాక్కోవడానికి వెళ్లింది. రాను రాను ఆ మౌనంలో ఏదో తనను పిలుస్తున్నట్టు అనిపించసాగింది. పుస్తకంలో తన పేరు కూడా రాయించుకోవాలని గట్టిగా నిర్ణయించుకుంది. ఇంట్లో అమ్మనూ నాయననూ ఒప్పించింది. అక్కడికి సగం పని అయిపోయిందనుకుంది.

మిగతా సగం పేరు శకుంతలమ్మ. ఈ సంఘంలో చేతులెత్తి ఓట్లు వేసే పద్ధతి లేదు. ఏ నిర్ణయానికైనా అందరి మనసూ ఒకటి కావాలి. ఒక్కరు "నా మనసింకా తేలలేదు" అంటే చాలు, ఆ సంగతి వచ్చే నెలకు పోతుంది. శకుంతలమ్మ మనసు మూడు నెలలుగా తేలడం లేదు. ఆమె ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఆమె ఎదురుపడితే ఇప్పటికీ చాలామంది పెద్దమనుషులు చేయి వెనక్కి పెట్టుకుని నడుం కాచుకుంటారు.

"ఇంట్లో గమ్మునుండే పిల్ల ఈడా గమ్మునుంటే అది ప్రార్థన ఎట్లయితాది మాస్టరూ? అలవాటయితాది," అంది ఆమె మూడోసారి. "ఒక బాధ్యత ఇచ్చి సూడండి. నిలబడతాదా, పారిపోతాదా, అప్పుడు తెలస్తాది."

ఆ మాట మీద మాస్టారు ధరణికి ఈ ఆదివారం ముగింపు అప్పజెప్పారు. రెండు నియమాలు చెప్పారు. ఒకటి, ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్లు కూర్చుని కుదుటపడే దాకా ముగించకూడదు. రెండు, ఎవరైనా మాట్లాడితే ఆ మాట అందరి లోపలా దిగడానికి ఐదు నిమిషాలు మౌనం ఉంచాలి. ఆ తర్వాతే చేయి కలపాలి. ధరణి ఆ రెండు నియమాలనూ డైరీలో రాసుకుని, ఎర్ర సిరాతో కింద గీత గీసి, బట్టీ పట్టింది.

తొమ్మిదిన్నరకు మాస్టారి ఇంటికి వెళ్లేసరికి ముందుగది తలుపు మూసి ఉంది. లోపల దూలానికి కందిరీగలు తుట్టె పెట్టాయి. మాస్టారి పై పెదవి అప్పటికే ఎత్తు పెరిగింది.

"ఎక్కడ కూర్చున్నా ఒకటే పాపా," అన్నారు ఆయన కష్టపడి. "స్థలం గూడా నువ్వే చూడు."

ధరణి చాపలు చంకన పెట్టుకుని ఊరంతా చూసింది. బడికి ఎండాకాలం సెలవుల తాళం. రచ్చబండ మీద పులిమేక ఆట సాగుతోంది. చివరికి పంచాయతీ ఆఫీసు ఎదురుగా, రోడ్డు పక్కన, కొత్త నీళ్ల ట్యాంకు కింద చక్కటి నీడ కనిపించింది. ఆ ట్యాంకు కట్టి రెండేళ్లయింది. బోరుకూ ట్యాంకుకూ మధ్య నలభై గజాల పైపు వేయడం మాత్రం మరిచిపోయారు. అందువల్ల బురద లేదు, పాచి లేదు, ఈగలు లేవు. ఊళ్లో ఎన్నడూ తడవని చోటు అదొక్కటే. ధరణి సంతోషంగా చాపలు పరిచింది.

సరిగ్గా పది గంటలకు తొమ్మిది మందీ, ధరణీ కళ్లు మూసుకున్నారు. ధరణికి కుడిపక్క శకుంతలమ్మ కూర్చుంది. చేయి కలపాల్సింది ఆమెతోనే అని తలచుకోగానే ధరణి అరచేయి చెమర్చింది.

పది ఇరవైకి చంద్రకాంతమ్మ రెండు ప్లాస్టిక్ బిందెలతో అటుగా వచ్చింది. ఆమె రోజుకు నాలుగు సార్లు మైలు దూరంలోని మామిడితోట బోరుకు నడిచి నీళ్లు తెచ్చుకునే మనిషి. ట్యాంకు కింద చాపలు, చాపల మీద మనుషులు కనిపించగానే ఆగిపోయింది.

"ఏం మాస్టరూ, ఈడ కూసోనుండారే?"

మాస్టారు కళ్లు తెరవలేదు.

"ఏమబ్బా టైలరూ, నువ్వన్నా సెప్పు."

టైలర్ చెంగల్రాయుడు అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు. ప్రతి ఆదివారం ఆయన మౌనం పావుగంటలో గురకగా మారుతుంది. చంద్రకాంతమ్మ వంగి ధరణి ముఖంలోకి చూసింది. "పాపా, ఏమయింది మ్మే? నోట్లో ఏమన్నా పెట్టుకోనుండారా అందరూ?"

మాట్లాడితే మౌనం చెడుతుంది. మాట్లాడకపోతే మర్యాద చెడుతుంది. చూపుడువేలు పెదవుల మీద పెట్టి, గమ్మునుండమని కళ్లతో వేడుకుంది.

చంద్రకాంతమ్మ ఆ వేలు చూసింది. తలెత్తి ఎండిన ట్యాంకు చూసింది. మళ్లీ తొమ్మిది మంది పెద్దమనుషుల్ని చూసింది. ఆమె ముఖం మెల్లగా వెలిగింది.

"అమ్మో! మౌన దీక్షా!" అని గుండె మీద చేయి వేసుకుంది. "నీళ్లు మోసేది మేము, దీక్ష సేసేది మీరూనా? రవ్వంత ఉండండి, వస్తా."

పది నిమిషాల్లో ఆమె వెనక పదిహేడు మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి, బిందెలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ధరణికి మొదటి నియమం గుర్తొచ్చింది. ఆలస్యంగా వచ్చిన వాళ్లను కుదుటపడనివ్వాలి. రెండేళ్లలో ఒక్క కొత్త మనిషి రాని ప్రార్థనకు, తాను ముగించాల్సిన రోజున పద్దెనిమిది మంది రావడం చూసి ఆమెకు కళ్లు తిరిగాయి. అలికిడికి మాస్టారు ఒక కన్ను తెరిచారు. ఆ కంట్లో నీళ్లు నిండాయి. ముప్పై ఏళ్లుగా తాను ఎదురుచూస్తున్న మేలుకొలుపు ఊరికి ఇన్నాళ్లకు వచ్చిందనుకుని మళ్లీ మూసుకున్నారు.

పదకొండుకు రెండు నిమిషాలు ఉందనగా ధరణి చేయి పావడాకు తుడుచుకుని ముందుకు చాచబోయింది. అప్పుడే చంద్రకాంతమ్మ దిగ్గున లేచి నిలబడింది.

"రెండేండ్లాయ! ఈ ట్యాంకు నిలబడి రెండేండ్లాయ. పైకి సూస్తే ఎంత పొడుగు! లోపల సూస్తే ఒక్క సుక్క లేదు!" అని కూర్చుంది.

ఆ మాట మాస్టారికి సూటిగా తగిలింది. పైకి పొడుగు, లోపల ఒక్క చుక్క లేదు. మనిషి గురించి ఇంతకంటే లోతుగా ఎవరు చెప్పగలరు? ఆయన తల మరింత వంచుకున్నారు. ధరణి చేయి వెనక్కి తీసుకుని ఐదు నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగో నిమిషంలో మరొకామె లేచి తన నడుం నొప్పి గురించి చెప్పింది. మళ్లీ ఐదు నిమిషాలు. తర్వాత ఇంకొకామె, మామిడితోట కాపలావాడు బోరు దగ్గర తనను ఏమన్నాడో అన్నది అన్నట్టుగా చెప్పింది. అది ప్రార్థనలో చెప్పదగిన మాట కాదు. అయినా నియమం నియమమే. ధరణి పళ్లు బిగించి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది.

పదకొండున్నరకు పత్రికా విలేకరి మునిప్రసాద్ మోపెడ్ మీద దిగాడు. మండలంలో వార్త దొరక్క వారం రోజులుగా ఎండల తీవ్రత గురించే రాస్తున్నాడు. నోటు పుస్తకం తెరిచి మాస్టారి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దీక్ష ఎన్నో రోజు సార్?"

మౌనం.

"ఆమరణమా, రిలేనా?"

మౌనం. మాస్టారి వాచిన పెదవి మాత్రం సన్నగా అదిరింది. 'ముఖంపై గాయాలు' అని రాసుకున్నాడు మునిప్రసాద్. అదే సమయానికి చెంగల్రాయుడు నిద్రలో ఒక పక్కకు ఒరిగి, పక్కాయన ఒడిలో తల పెట్టేశాడు.

"స్పృహ తప్పినాడు!" అని కేకవేసి మునిప్రసాద్ ఫోన్ బూత్ వైపు పరిగెత్తాడు. పరిగెత్తుతూ దారిలో కనిపించిన వాళ్లందరికీ టైలర్ పరిస్థితి విషమంగా ఉందని చెప్పాడు. శకుంతలమ్మ కళ్లు తెరవకుండానే చేయి చాచి, చెంగల్రాయుడి నాడి పట్టుకుని చూసి, విసుగ్గా వదిలేసింది.

ఐదు నిమిషాల్లో చెంగల్రాయుడి భార్య నాగులమ్మ జుట్టు ముడి వేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో సామీ! ఊరికోసరం సచ్చిపోతావా? మా కోసరం బతికేది లేదా నీకు? పొద్దన్నే ఏడు దోసెలు తినింది ఇందుకేనా?"

దోసెల సంఖ్య విని జనంలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంగల్రాయుడు ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా ఏడుస్తున్న భార్య, చుట్టూ అరవై మంది జనం. నోరు తెరవబోయి, ప్రార్థన ఇంకా ముగియలేదని గుర్తొచ్చి మూసుకున్నాడు. భార్యతో మాట్లాడని ఆ మొగుణ్ని చూసి ఆడవాళ్లంతా చేతులు జోడించారు.

వార్త పంచాయతీ ప్రెసిడెంటు వెంకటమునికి చేరింది. తనకు తెలియకుండా తన ఊళ్లో దీక్ష జరిగితే రేపు ఎన్నికల్లో తన గతేమిటని ఆయనకు దిగులు పట్టుకుంది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే షామియానా, నాలుగు బంతిపూల దండలు తీసుకుని వచ్చేశాడు. మాస్టారి మెడలో ఒక దండ వేశాడు. వద్దనడానికి నోరు తెరవాలి కాబట్టి మాస్టారు వేయించుకున్నారు. రెండో దండ తన మెడలో తానే వేసుకుని, వెంకటముని లేచి నిలబడి ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడాడు. ట్యాంకు తన చెమటతో కట్టిందన్నాడు. ఆ చెమట కూడా లోపల లేదని చంద్రకాంతమ్మ గొణిగింది.

ధరణి గడియారం చూసుకుంది. పన్నెండున్నర. ఇది దీక్ష అని జనం అనుకుంటున్నారన్న సంగతి ఆమెకు షామియానా లేచినప్పుడే పూర్తిగా అర్థమైంది. చాపలు ఇక్కడ వేసింది తనే. పెదవుల మీద వేలు పెట్టింది తనే. లేచి పరిగెత్తితే బాగుండుననిపించింది. మాస్టారి ఇంటి వెనక సందు, చెరకుతోట గట్టు, అక్కడి నుంచి తమ పెరడు, దారంతా కళ్ల ముందు కదిలింది. పక్కనుంచి శకుంతలమ్మ ఒక కంటితో తననే చూస్తోంది. నిలబడుతుందా, పారిపోతుందా? ధరణి చాప అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వచ్చిన పని చేయి కలపడం. కలిపే దాకా కదిలేది లేదు.

అప్పుడే రోడ్డు మీద జీపు ఆగింది. అందులోంచి మండల ఆఫీసరు పట్టుపంచె అంచు ఎత్తి పట్టుకుని దిగాడు. పుత్తూరులో మేనకోడలి పెళ్లికి పోతున్నాడు. ముహూర్తానికి గంట కూడా లేదు. మేనమామ వెళ్లకపోతే పెళ్లికూతుర్ని మండపానికి తెచ్చే వాళ్లు లేరు. రోడ్డుకు అడ్డంగా ఇంతమంది జనం, షామియానా, స్పృహ తప్పి లేచాడంటున్న మనిషి, ఏడుస్తున్న భార్య. ఆఫీసరు ఇలాంటివి చాలా చూశాడు. సోడా కొట్టు నుంచి గ్లాసు నిమ్మరసం తెప్పించాడు. ఎన్ని రోజుల దీక్షయినా ఆఫీసరు చేత్తో నిమ్మరసం తాగితే విరమించినట్టే.

"మీలో నాయకుడు ఎవరండీ?"

వెంకటముని దండ సర్దుకుని ముందుకొచ్చాడు. కానీ ఆఫీసరు మాస్టారి వైపు చూస్తున్నాడు. మాస్టారు కళ్లు తెరిచి, ఈ రోజు ముగింపు ఎవరిదో నిజాయితీగా చూపుడువేలితో చూపించారు. ఆ వేలి చివర రెండు జడల ధరణి కూర్చుని ఉంది.

ఆఫీసరు ఆశ్చర్యాన్ని దిగమింగి ఆమె ముందు వంగాడు. "అమ్మా, సమస్య నా దృష్టికి వచ్చింది. చూస్తాం. ఇదిగో, ఈ రసం తాగి, చేయి కలుపు." చేయి చాచాడు.

ధరణి ఆ చేయి వైపు చూసింది. ఇప్పుడు కలిపితే ముగిసిపోతుంది. కానీ ఆయన ఇప్పుడే మాట్లాడాడు. ఐదు నిమిషాలు ఆగాలి. ఆమె గడియారం వైపు కళ్లు దించుకుంది.

"చూస్తాం అంటే చాలదా?" అన్నాడు ఆఫీసరు. "సరే. ఆరు నెలల్లో పైపు వేయిస్తాను."

మళ్లీ మాట్లాడాడు. ధరణి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"మూడు నెలలు!"

ధరణి కదల్లేదు. జనం ఊపిరి బిగబట్టారు. ఇంతటి మొండి నాయకురాలిని వాళ్లు ఎన్నడూ చూడలేదు.

"సార్, ముహూర్తం," అని జీపు డ్రైవరు గుర్తుచేశాడు.

"నెల!" అన్నాడు ఆఫీసరు నుదురు తుడుచుకుంటూ. "పదిహేను రోజులమ్మా! నన్ను పెళ్లికి పోనివ్వు!" ధరణి కళ్లెత్తలేదు. ఆఫీసరు జేబులోంచి పెళ్లి శుభలేఖ తీసి, దాని వెనక 'పది రోజుల్లో పైపు వేయించెదను' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోకపోయేసరికి చంద్రకాంతమ్మ చటుక్కున అందుకుంది.

ధరణికి ఇక కూర్చోవడం సాధ్యం కాలేదు. లోపలి నుంచి ఒక మాట తోసుకొచ్చి, ఎంత ఆపినా ఆగనంది. రెండేళ్లుగా ఈ చాపల మీద పెద్దవాళ్లు లేచి నిలబడడం చూసినప్పుడల్లా అది ఎలా వస్తుందా అనుకునేది. ఇలాగే వస్తుందన్నమాట. చాప అంచు వదిలి లేచి నిలబడింది.

"మేము దీక్ష సెయ్యలేదు," అంది. గొంతు ఎంత చిన్నగా ఉందంటే, వినడానికి జనమంతా ముందుకు వంగారు. "ఇది మా ప్రార్థన. పది నించి పదకొండు దాకా గమ్మున కూసుంటాం. గదిలో కందిరీగలుండాయని నేనే ఈడ సాపలేసినాను. చంద్రకాంతమ్మక్కకు సెప్పకుండా వేలు సూపించింది నేనే. టైలర్ మామకు ఏమీ కాలేదు, నిద్రపోయినాడు. దీక్ష అనుకోని మీరు రాసిచ్చి ఉంటే, అది మాకు వద్దు." తల పైకెత్తి ట్యాంకు చూసింది. "ట్యాంకులో నీళ్లు లేనిది మాత్రం నిజం సార్."

కూర్చుంది. ఆ తర్వాత ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. వెంకటమునికి తోచలేదు. నాగులమ్మ మొగుడి వైపు చూస్తూ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆఫీసరు నిమ్మరసం గ్లాసుతో నిలబడిపోయాడు. ట్యాంకు పైన ఒక కాకి నడుస్తున్న చప్పుడు కింద అందరికీ వినబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు నిమిషాలు. ధరణి పక్కకు తిరిగి, శకుంతలమ్మ చేయి పట్టుకుని పైకీ కిందికీ ఊపింది. మిగతా వాళ్లూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. ప్రార్థన ముగిసింది. ఒంటి గంటకు పది నిమిషాలు తక్కువ.

మొదట తేరుకున్నది ఆఫీసరు. "దీక్ష కాదా? అయితే ఆ శుభలేఖ ఇటివ్వండి."

చంద్రకాంతమ్మ దాన్ని బిందెలో వేసి, బిందె నెత్తిన పెట్టుకుంది. "దీక్షలో రాసిచ్చింది అయితే మీరు మరిసిపోయినా మేము ఏమీ అనలేం సార్. శానా దీక్షలు సూసినాం. ఇది ప్రార్థన అంట గదా? దేవుడి ముందర కూసోని సంతకం పెట్టినారు. ఇంక మీరే ఆలోశన సేసుకోండి."

ఆఫీసరు ఆలోచించుకున్నాడు. పెళ్లికి పోతున్న మనిషి దేవుడితో పేచీ పెట్టుకోలేడు. చేతిలోని నిమ్మరసం తనే గడగడా తాగి, ఖాళీ గ్లాసు వెంకటముని చేతికిచ్చి జీపెక్కాడు.

"అయితే నేను ఇంతసేపు సేసింది ప్రార్థనా?" అన్నాడు వెంకటముని, దండ వైపు అనుమానంగా చూసుకుంటూ.

"ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడినావు గదబ్బా, అది దేని కిందకీ రాదు," అంది శకుంతలమ్మ. ఆమె ఇంకా ధరణి చేయి వదల్లేదు. ఇంజెక్షను ఇచ్చేటప్పటి పట్టు అది. "మాస్టరూ, పుస్తకం తీసి రాసుకోండి. నా మనసు తేలింది."

"మాటాడిందనా?" అన్నారు మాస్టారు.

"కాదు. ఆఫీసరు నెల అన్నప్పుడు నేనే సెయ్యి సాపేసి ఉందును. ఈ పిల్ల గడియారం సూస్తా కూసోనింది. కాగితం సేతికొచ్చినాక నేనయితే గమ్మునుందును. ఈ పిల్ల లేసి నిజం సెప్పింది. యాడ గమ్మునుండాల్నో, యాడ ఉండకూడదో తెలిసిన మనిషి మనలో ఒక్కరన్నా ఉండొద్దా?"

చేయి నొప్పి పుడుతున్నా ధరణి విడిపించుకోలేదు.

మరుసటి రోజు పత్రికలో 'రాళ్లకాలువలో మౌన దీక్ష, స్పృహ కోల్పోయిన టైలర్' అని వచ్చింది. వారం రోజుల పాటు చెంగల్రాయుణ్ని చూడ్డానికి వచ్చిన వాళ్లు బత్తాయిలు తెచ్చారు. ఆయన కాదనలేక తిన్నాడు. తొమ్మిదో రోజున పైపు వచ్చింది. పదో రోజు సాయంత్రం ట్యాంకు నిండి పొర్లింది. నెలాఖరు సమావేశంలో మాస్టారు ధరణి పేరు చదివి, అందరి ముఖాలూ చూసి, పుస్తకంలో పదో పేరుగా రాశారు. ఆమె వేలితో తడిమి చూసుకునేసరికి సిరా ఇంకా ఆరలేదు.

ఆ సమావేశం ముగియక ముందే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. పక్క ఊరి పెద్దమనుషులు ముగ్గురు చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు. తమ ఊరి కల్వర్టు కూలి ఏడాదయిందని, వచ్చే ఆదివారం దాని పక్కన ఒక గంట కూర్చుంటే చాలని అడిగారు. ఆఫీసరు ఇప్పుడు దారిలో చాప కనిపిస్తే చాలు, జీపు ఆపి ఏం కావాలని అడుగుతున్నాడట.

"మేము దీక్షలు సెయ్యం, ప్రార్థన సేస్తాం," అంది ధరణి. పుస్తకంలో పేరెక్కాక ఆమె ఆడిన మొదటి మాట అది.

"మాకూ అదే గావాల పాపా," అన్నారు వాళ్లు. "దీక్షలు సేసేవాళ్లు మా ఊర్లోనే శానామంది ఉండారు."

మాస్టారు అందరి వైపు చూశారు. ఎవరి మనసూ అడ్డం చెప్పలేదు. వాళ్లు వెళ్లాక ఇంకో ఊరి వాళ్లు, వాళ్ల తర్వాత మరో ఊరి వాళ్లు వచ్చారు. ఊరికే కూర్చోవడం తప్ప మరే పనీ పెట్టుకోని ఆ పది మందికి, ఆ ఏడాది దసరా దాకా ఒక్క ఆదివారమూ ఖాళీ దొరకలేదు.